గీతల్లేని వేళ్ళు

వద్దులేవే తల్లీ, ఆ ఫోను నా వేలు తీసుకోదు. ఎడంచెయ్యి పెట్టినా అంతే, తుడుచుకుని పెట్టినా అంతే. నీకు అలుపు రావాలి గానీ దానికి రాదు. నంబరేదో పెట్టి ఇచ్చెయ్యి, గుర్తుంచుకుంటాను. ఏం నవ్వుతావు? మీ తాతయ్య పెళ్ళిచూపుల నాడు ఏ చొక్కా వేసుకొచ్చాడో ఇప్పటికీ చెప్పగలను, కాలరు దగ్గర ఇస్త్రీ మాడిన చొక్కా, లాండ్రీలో పనిచేసే పిల్లని చూడ్డానికి. సరే, ఇలా వెలుతుర్లోకి రా. ఈ బొటనవేలు చూడు. గీత ఒక్కటైనా కనిపిస్తోందా? ముప్పయ్యేళ్ళు సోడా నీళ్ళలో నానిన వేళ్ళు మరి. ఇవి నయం. మా మేనత్తవి చూడాల్సింది నువ్వు. నీకు తెలీదులే ఆవిడ, మీ అమ్మ కూడా చూడలేదు. లాండ్రీలో అందరూ గంటత్త అనేవాళ్ళు. ఆవిడ గేటు దగ్గర పిలిస్తే బాయిలరు గదిలో మనిషి లేచి కూర్చునేవాడు, అలాంటి గొంతు.

ఆ లాండ్రీ అంటే ఇప్పటి మిషన్లు కాదు. ఆసుపత్రి దుప్పట్లూ, హోటలు గుడ్డలూ బండ్లకి బండ్లు వచ్చేవి. సిమెంటు తొట్లలో వేడినీళ్ళు, అందులో బట్టల సోడా, మోచేతుల దాకా ముంచి పిసకడం. ఇరవయ్యొక్కమందిమి ఆడవాళ్ళం, అందరం ఒకే పేట వాళ్ళం. మన పేటవాళ్ళంటే ఊళ్ళో ఎప్పుడూ రెండో వరసేగా. తొట్ల దగ్గర పద్నాలుగుమంది, ఆరెయ్యడానికీ మడతలకీ ఏడుగురు. పొడిపని రోజుకో ఏడుగురికి మారేది. రెండ్రోజులు తడి, ఒకరోజు పొడి. ఆ ఒక్కరోజులోనే చేతులు కాస్త తేరుకునేవి.

నాకు ఇరవయ్యొకటో ఏడు వచ్చిన సంవత్సరం ఆడవాళ్ళకీ ఓటన్నారు. ఇప్పుడు నీకు నవ్వులాటగా ఉంటుంది గానీ, అప్పటిదాకా మగవాళ్ళకేనే ఓటు. చట్టం వచ్చింది, సంతోషం. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వొద్దూ? యాభై రోజులే గడువు, ఈలోగా ఆఫీసుకెళ్ళి లిస్టులో పేరెక్కించుకోవాలి. సంతకం చేసేవాళ్ళయితే గుమాస్తా ఇచ్చిన కాగితం గడగడా చదివి చూపించాలి. చదువురాకపోతే వేలిముద్ర, దాంట్లో గీతలు స్పష్టంగా పడాలి. మా వాళ్ళలో ఒక్కదానికీ అక్షరమ్ముక్క రాదు. బాయిలరు మగవాళ్ళకీ రాదనుకో, కానీ వాళ్ళ పేర్లు పాత లిస్టులోంచి ఎత్తి రాసేశారు. వాళ్ళని వేలు చూపించమన్న నాథుడు లేడు.

మొదటిరోజు పొద్దున్నే ఇరవయ్యొక్కమందిమీ వెళ్ళాం. గుమాస్తా, సన్నగా, ముక్కుతో మాట్లాడేవాడు, ఒక్కొక్కళ్ళ వేలూ సిరా దిమ్మ మీద అద్దించి కాగితం మీద ఒత్తించాడు. అన్నీ నల్లమచ్చలే. "ఇది ముద్ర కాదమ్మా, మరక. మీ పేట ఆడవాళ్ళంతా ఇంతేనా? నెక్స్ట్." ఇరవైమందిని నెక్స్ట్ నెక్స్ట్ అని గంటలో తేల్చేశాడు. ఇరవయ్యొకటోది బాలింత, పురుడు పోసుకుని మూణ్ణెల్లు ఇంట్లో ఉండి ముందురోజే పన్లోకొచ్చింది. దాని వేలు పెడితే గీతలు ముగ్గేసినట్టు పడ్డాయి. కిక్కురుమనకుండా రాసుకున్నాడు. మా వాళ్ళంతా ఏడుపు మొహాలతో బయటికొస్తున్నారు, గంటత్త మాత్రం ఆ బాలింత చెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడి తిప్పి తిప్పి చూస్తోంది. వెనక బండివాడు తిడుతున్నాడు, ఆవిడకి పట్టలేదు.

మర్నాడు పొద్దున తొట్ల దగ్గర చెప్పింది. పదిహేను రోజులు సోడా తగలకపోతే గీతలు మళ్ళీ వస్తాయి, గడువు ఇంకా నలభయ్యయిదు పైనే ఉంది, మనం మూడు జట్లు. పొడిపని ఇకనుంచి రోజూ మారదు, పదిహేను రోజులు ఒకే ఏడుగురు చేస్తారు. సూపర్వైజరు దుప్పట్లు లెక్కపెడతాడు గానీ మన మొహాలు చూడడు. వినడానికి బాగానే ఉంది. కానీ తడిపనిలో ఉన్నవాళ్ళకి మధ్యలో ఆ ఒక్కరోజు విడుపు పోయిందిగా. ముప్పై రోజులు వరసగా సోడాలో. చేతులు పగిలి, చీము పట్టి, అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నవాళ్ళున్నారు. ఒకావిడ, పెద్దదే, ఎందుకొచ్చిన గొడవ, మనం ఓటేస్తే తొట్లో నీళ్ళు చల్లబడతాయా అంది. గంటత్త కోప్పడలేదు. నీ వంతు నీకుంది, వద్దనుకుంటే ఆఫీసు దాకా వచ్చి వద్దని గుమాస్తాకి చెప్పు, నాక్కాదు అంది. ఆవిడ తన వంతు ఎప్పుడొస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

మొదటి జట్టులో చిన్నవాళ్ళం, నేనూ. ఆఖరి జట్టులో గంటత్త. పదిహేను రోజులూ పసిపిల్ల చేతుల్లా చూసుకున్నాననుకో. ఇంట్లో అంట్లు కూడా మా అన్నయ్య చేత తోమించింది అత్త, వాడు వీధి తలుపేసుకుని తోమేవాడు. పదహారో రోజు ఆఫీసుకెళ్ళాలి. ముందురోజు సాయంత్రం చూసుకుంటే బొటనవేలికి నీలిమందు మరక. ఛీ, ఇలా వెళ్తే గుమాస్తా మళ్ళీ మరకంటాడు అనుకున్నాను. అలవాటు తల్లీ, మరక కనిపిస్తే చెయ్యి సోడా డబ్బామీదికే పోతుంది మాకు. గుప్పెడు సోడా వేసి బ్రష్షుతో బరబరా తోమేశాను. తెల్లగా వచ్చింది చెయ్యి, మురిసిపోయాను కూడానూ. ఆరుగురి పేర్లెక్కాయి, నాది మళ్ళీ మచ్చే. ఆఫీసు మెట్ల మీద అత్త నా చెయ్యి వాసన చూసింది. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. పద, బండి వచ్చే టైమైంది అంది, అంతే.

రెండో జట్టూ అయింది, ఏడుగురూ ఎక్కారు. ఆఖరి జట్టు మొదలైన రోజు నేను తొట్టి దగ్గరికెళ్తే అత్త అడ్డం నిలబడింది. నువ్వు ఆరేతకి పో అంది. నేను పోనన్నాను. నీ ఓటు పోగొట్టి నేను వెయ్యనన్నాను. ఏడ్చాను, కాళ్ళు పట్టుకున్నాను. ఎనిమిదోదానికి చోటు లేదు, ఆరెయ్యడానికి ఏడు తాళ్ళే, అందులో ఒకటి ఆ బాలింతది, పేరెక్కినా నెలరోజులు సోడాలో పగిలిన చేతులకి దాని విడుపు దానికివ్వాలంది అత్త. అప్పుడంది, నెమ్మదిగా, ఆ గొంతు నెమ్మదిగా మాట్లాడ్డం అదే మొదటిసారి వినడం: "నాకు యాభై దాటాయి, నీకు ఇరవయ్యొకటి. ఈ లిస్టులో ఒకసారి ఎక్కితే చచ్చేదాకా ఉంటుందిట. ఎక్కువకాలం బతికేదాన్నే ఎక్కించాలి. ఏడుపు తర్వాత, దుప్పట్లు ఎండకేయి." మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మరి మొండిదాన్ని ఏమనాలి? నలభయ్యయిదు రోజులూ తొట్లోనే ఉంది ఆ మనిషి. చివరికి చేతులకి గుడ్డలు చుట్టుకుని పిసికింది.

నా పేరెక్కింది. ఇరవైమందిమి.

ఇంక ఎవరికెయ్యాలనేది వచ్చింది, నిలబడింది ఇద్దరు. గంటత్తకి ప్లీడరుగారంటే ప్రాణం. మా గురించి పైకి అర్జీ రాసిపెట్టింది ఆయనొక్కడే, ఊరికే రాశాడు. రెండోవాడు బస్సు కండక్టరు. వాడి మాటలు సగం టిక్కెట్టు విలువ కూడా చెయ్యవనేది అత్త. కానీ వాడొకరోజు మా తొట్ల గదిలోకి వచ్చాడే. నీళ్ళలో చెయ్యి పెట్టి, అబ్బా అని లాక్కుని, ఇందులో మీరెలా పెడుతున్నారమ్మా అన్నాడు. గెలిస్తే రబ్బరు గ్లౌజులు ఇప్పించేలా రూలు తెస్తానన్నాడు. ఓటింగు రోజు అత్త మాతోపాటు వచ్చింది, గుడ్డలు చుట్టిన చేతులతో. లిస్టులో లేనివాళ్ళు వెళ్ళిపోండని పోలీసు అరిస్తే, వీళ్ళ అత్తనయ్యా అని తాడు అవతలే నిలబడింది, ఇరవయ్యోది బయటికొచ్చేదాకా. నన్ను లోపలికి పంపేముందు చెప్పింది. ఎవరికేసినా నాకు చెప్పకు. చెప్తే అది నా ఓటవుతుంది, నీది కాదు.

ప్లీడరుగారు ఓడిపోయారు. కబురు తొట్ల దగ్గరే తెలిసింది. అందరం అత్త మొహం చూస్తున్నాం. ఆవిడ దుప్పటి పిండుతూ, "ఓడించినవాళ్ళలో మనవాళ్ళూ ఉండే ఉంటారు. మంచిదే" అంది. ఇంకో రెండేళ్ళే బతికింది, రెండో ఎన్నికలు రానేలేదు. ఒక్కసారి కూడా వెయ్యలేదు ఆవిడ. నేనెవరికేశానో చచ్చేదాకా అడగలేదు. నేనూ చెప్పలేదు. మీ తాతయ్యకి కూడా చెప్పలేదు.

కండక్టరుకే వేశానే నేను.

ఏదీ, ఆ నంబరు మళ్ళీ చెప్పు.