డన్‌బీ ప్రభువుగారి అక్క

ఇంగ్లండు ఉత్తరాన డన్‌బీ అనే మిల్లు ఊరు, నవంబరు మధ్యాహ్నం. వాకిట్లో పెద్ద కారు, అందులో డ్రైవరు. లోపల, మగ్గాల హోరులో చెవులు పోగొట్టుకున్న హెట్టీ. ఆమె ఎదుట, ఆ మిల్లుకే యజమాని అయి, ఆపైన పార్లమెంటు సభ్యుడై, వచ్చే మంగళవారం లార్డు బిరుదుతో ప్రభువు కూడా కాబోతున్న తమ్ముడు ఎడ్గర్.

"ముఖం ఇటు తిప్పి మాట్లాడరా. కిటికీతో చెబితే నాకేం తెలుస్తుంది?"

"ఆ తలుపు వేసుకోవచ్చు కదక్కా అంటున్నా. చలి కొరికేస్తోంది."

"కోటు విప్పకు. టీ తాగు. నా ఇంట్లో తలుపు వెయ్యనని నీకు తెలుసు."

"ఇన్నేళ్ళయినా..."

"ఇన్నేళ్ళయినా. సరే చెప్పు, ఎర్రశాలువా కప్పుతారట?"

"శాలువా కాదు, అంగీ. మోకాళ్ళ మీద కూచోవాలి. ప్రమాణం చెయ్యాలి. నువ్వు రావాలక్కా. పై వరుసలో చోటు పెట్టించాను. నీ మరదలు నీకోసం కొత్త టోపీ కూడా కొంది."

"మీ ఆవిడకి నా తల ఇన్నాళ్ళకి కనబడిందా?"

"అక్కా..."

"అసలు సంగతి చెప్పు. టోపీ ఇవ్వడానికి ఇంతదూరం రావు నువ్వు."

"బిరుదుకి ఓ ఊరి పేరు పెట్టుకోవాలి. డన్‌బీ అన్నాను. లార్డ్ డన్‌బీ. ఊళ్ళో ఏవో గొణుగుతున్నారట."

"గొణగడమా? తిడుతున్నారు. సంతలో చూశాను, ఒక్కొక్కళ్ళ నోరూ."

"అందుకే. నువ్వు నా పక్కన నిలబడి ఫొటో దిగావనుకో, ఇంకెవరూ మాట్లాడరు. చచ్చిపోయిన ఫ్లోరీకి సొంత అక్కే ఒప్పుకుంది, మనకెందుకులే అనుకుంటారు."

"ఫ్లోరీ పేరు ఎత్తావే."

"నాకూ చెల్లెలే కదా."

"చెల్లెలే. మిల్లు తగలబడిన రోజు వెనక తలుపు దగ్గర కుప్పగా పడున్న పిల్లల్లో అదీ ఒకతె. వాకిట్లో నీ డ్రైవరు స్టాన్లీ ఉన్నాడే, వాళ్ళక్క పాలీ దాని పక్కనే ఉంది."

"విచారణలో తేలింది కదా. కంగారుపడి తోసుకున్నారు, తలుపు బిగుసుకుపోయింది."

"తేలలేదు, నువ్వు తేల్చావు. తాళం లేదని బైబిలు మీద చెయ్యివేసి చెప్పావు."

"లేదు మరి."

"నా వైపు చూసి అను."

"పాతవన్నీ ఇప్పుడెందుకు?"

"అప్పుడు నువ్వు మేనేజరువి. అద్దాల గదిలో మేస్త్రీ బ్రిగ్స్‌తో మాట్లాడుతున్నావు. నేను ఎదురుగా మగ్గం దగ్గరున్నాను. మగ్గాలు నడుస్తుంటే మనం ఎలా మాట్లాడుకునేవాళ్ళంరా?"

"పెదవులు చూసి."

"ఆ విద్య నీకు నేర్పింది నేనే. మేనేజరువై ఆ అద్దాల గదిలోకి వెళ్ళగానే మర్చిపోయావు. అద్దం మూసుకుంటే మాట బయటికి రాదనుకున్నావు. 'వెనక తలుపుకి తాళం పెట్టు బ్రిగ్స్. టీ అనీ సిగరెట్టనీ జారుకుంటున్నారు ఈ మహాతల్లులు.' ఇదే కదా నువ్వన్నది?"

"అక్కా, ఆపు."

"మర్నాడే నిప్పంటుకుంది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ కోసం. ఫ్లోరీ పోయింది, నువ్వు కూడా జైలుకి పోతే ఆవిడ బతకదనుకున్నాను. నోరు మూసుకున్నాను. నింద తీసుకెళ్ళి చచ్చిన పిల్లల మీద పెట్టారు. బుద్ధిలేక తోసుకుని చచ్చారట. ఆ మాట ఇవాళ్టికీ వాళ్ళ తల్లులు మోస్తున్నారు. నాకు కడుపు మండిపోతోందిరా."

"ఏం చెయ్యమంటావు? ఆస్పత్రిలో వాళ్ళ పేరు మీద ఓ వార్డు కట్టిస్తాను. పాలరాయి మీద..."

"రాళ్ళొద్దు. తాళం వేయించింది నేనే అని చెప్పు. అంతే. చెప్పావంటే ఆ టోపీ పెట్టుకుని వస్తాను. ఊరంతా ఉమ్మేసినా నీ పక్కనే నిలబడతాను."

"..."

"ఏమిటలా గొంతు కదలకుండా పెదవులు కదుపుతావు?"

"..."

"కనబడింది. 'నేనే వేయించానక్కా, క్షమించు' అన్నావు. కనబడిందిరా నాన్నా. కళ్ళు తుడుచుకో."

"ఇక చాలు కదా అక్కా?"

"చాలదు. ఇక్కడ మగ్గాలేం నడవట్లేదు. గొంతుతో అను. నాకెలాగూ గొంతుతో పనిలేదు. వాకిట్లో ఉన్న స్టాన్లీకి వినబడాలి."

"అంటాను."

"అను మరి."

"అంటానక్కా. ముందు ఆ తలుపు వెయ్యి."