అల్లుడిని బిల్లెట్లా అడిగేది?

అట్ల మొగం తిప్పుకుంటే ఎట్లప్పా జనార్దనం... కాదులే, అల్లుడుగారూ! నంద్యాల నుంచి ట్రంకాల్ చేస్తే దొరకరు. బస్సెక్కి ఆళ్లగడ్డకొస్తే నోరు తెరవరు. మరి జైలుకు పోయేదెవురు, నేను గదా?

కాఫీ వద్దు, అనసూయా. నువ్వు లోపలికి పో తల్లీ.

అసలు ఆ ఫుడ్ ఇన్‌స్పెక్టరు ఊరికే పోయేవాడే. మా అంగట్లో మీ చాక్లెట్ బిస్కెట్ల పాకెట్టు తిప్పి చూసి, ఇంత చౌకగా ఎట్లొస్తాది మహానందయ్య శెట్టీ, అనె. నాకు రోషమొచ్చె. మా అల్లుడు సొంతంగా చేసే సరుకు స్వామీ, యాడికన్నా పంపి చూపిచ్చుకో అనబోయి, అల్లుడి సంగతి మింగి, పంపి చూపిచ్చుకో అని మాత్రం అంటి. నా నోరే, ఇంకెవురిని అనేది!

పరీక్షకు పంపె. చాక్లెట్ చేసే కోకో గింజలో పుట్టుకతోనే ఒక సారం ఉంటాదంట, థియోబ్రోమినంట. ఆ పేరు నాకు నోరు తిరిగితే గదా! బిస్కెట్లో కోకో పడుంటే అది కనపడాల్సిందేనంట, కాల్చినా పోదంట. మీ దాంట్లో జాడ కూడా లేదు. పాకెట్టు మీద 'అసలు చాక్లెట్' అని అచ్చేసి, లోపల ఏం వేసినారప్పా?

ఏందీ? మాడబెట్టిన చక్కెర, రంగూనా? ఎంత నిమ్మళంగా చెప్తాండారు!

సరుకు యాడ కొన్నావో బిల్లు చూపిచ్చు, నిన్ను వదిలేస్తా అనె ఆయన. బిల్లు! కూతురినిచ్చిన ఇంట్లో బిల్లు అడుగుతామా? మీరు చుట్టపుచూపుగా వచ్చినట్ల వచ్చి డబ్బాలు దింపిపోతిరి, నేను సర్దుకుంటి. ఇప్పుడు మీ పేరు చెప్తే మీరు లోపలికి పోతారు, చెప్పకుంటే నేను. అందుకే అడుగుతాండా, మీరే వచ్చి ఒప్పుకోండి. నాకు వయసైపాయె, ఒళ్లు బాగలేదు.

ఏమంటిరి? మళ్లా చెప్పండి. మీ పేరు బయటికొస్తే అనసూయను పుట్టింటికి తోలేస్తారా? పిల్లోళ్లను మాత్రం ఈడనే ఉంచుకుంటారా?

అదో, తలుపు చాటున చూడండి. ఆ మాట ఇని చేతులు జోడిస్తాంది. మీకు కాదు, నాకు.

సరేలేప్పా. ఆ బిస్కెట్లు నేనే చేసినా, రంగు నేనే కలిపినా. కోర్టులో అట్లే చెప్తా. నాకైతే ఆరు నెల్లు ఏస్తారంట, అయిపోతానే ఇంటికొస్తా. నా బిడ్డకు ఎన్నేండ్లేసినారో చెప్పండి అల్లుడుగారూ, ఎదురుచూసుకుంటా.