గుమాస్తా ఫోను

హలో… అన్నా, నేనే… ఆ, మీ తమ్ముణ్ణే. గోడౌన్ గుమాస్తాని.

నవ్వకండి… ముందు ఒక్క మాట చెప్పండి. ఆ ఫోను కాపీ తియ్యడం మొదలెట్టేశారా?

… లేదా? హమ్మయ్య! ఊపిరొచ్చింది… అదే, ఇవాళ సాయంత్రం తీసేస్తామని ల్యాబ్ గ్రూపులో పెట్టారుగా. అది చూసే ఫోన్ చేశాను.

… కేబుల్ కనపడట్లేదా? మంచిదే, వెతక్కండి. కాసేపు కనపడకపోతే కొంపలేం మునిగిపోవు.

… ఏంటా కరకర? తింటున్నారా? ల్యాబ్‌లో, కీబోర్డు మీదే? సార్ చూస్తే ఇంకేమైనా ఉందా… ఆ, ఇవాళ రారు కదా. కానివ్వండి.

లేదన్నా, సరదాకి కాదు. నిజంగానే పనుండి చేశాను… చెప్తాను. చెప్తానుండండి.

… హాస్టల్ మెట్ల మీద. గదిలో సిగ్నల్ రాదు… ఆ, వెళ్ళండి వెళ్ళండి, చోటుంది — మిమ్మల్ని కాదన్నా, ఎవరో బకెట్ పట్టుకుని దిగుతున్నారు.

ఊఁ… ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలీట్లేదు.

సార్ ఆ రోజు మనిద్దర్నీ పిలిచి చెప్పింది గుర్తుందా? "నేరం ఒక్కటే ఉన్న ఫోను ఫోనే కాదు, జూనియర్లు చూడగానే పట్టేస్తారు. ముందు ఒక మనిషిని తయారుచెయ్యండి, నేరం తర్వాత పెడదాం" అని…

ఆ, అదే. గోడౌన్‌లో పనిచేసే గుమాస్తా, కంపెనీ ఫైళ్ళు దొంగతనంగా బయటికి పంపిస్తున్నాడు. పరీక్షలో జూనియర్లు వాడి ఫోను తవ్వి రుజువులు పట్టుకోవాలి. ఆ గుమాస్తా వేషం నాకొచ్చింది. వాడికి ఇంట్లో మాట్లాడే మనిషి కూడా ఉండాలని మిమ్మల్ని అక్కని చేశారు… నాకప్పుడే నవ్వాగలేదు. అంత గడ్డం పెట్టుకుని మీరు అక్కేమిటి!

… మీరూ నవ్వారా? మరి బయటపడలేదే.

అయినా కష్టపడ్డానన్నా. టర్మంతా వాడి ఫోను నా బ్యాగులోనే. వాడు గోడౌన్‌కి వెళ్ళినట్టు ఫోనులో పడాలిగా, అందుకని ఆ గోడౌన్ల వీధి చివరిదాకా నడిచి వెళ్ళి, షట్టర్ల ముందు నిలబడి వచ్చేదాన్ని. ఒకసారి వాచ్‌మన్ ఎవరు కావాలమ్మా అన్నాడు. ఇక్కడ పనిచేస్తాను అనబోయి నాలిక్కరుచుకున్నాను… నిజం! వాడి అలారానికి లేవడం, వాడి పాటలు వినడం. పాటల్లో కూడా నాకు నచ్చినవి పెట్టలేదు తెలుసా, వాడికి నచ్చేవే పెట్టాను.

… అదే చెప్తున్నా, తొందరపెట్టకండి.

రోజూ వచ్చేవి కదా మీ దగ్గర్నుంచి. పొద్దున్న 'లేచావా తమ్ముడూ'. మధ్యాహ్నం 'తిన్నావా'. పడుకునే వేళకి 'సరేలే, జాగ్రత్త, పడుకో'. మొదట్లో పరీక్ష కోసమే జవాబులిచ్చేదాన్ని. ఇవాళ లోడ్ ఆలస్యమైందక్కా, ఓనరు తిట్టాడక్కా — నోటికొచ్చిన అబద్ధం. తర్వాత్తర్వాత… ఏమో అన్నా. 'తిన్నావా' అని రాగానే నిజంగానే లేచి వెళ్ళి తినొచ్చేదాన్ని. తినకుండా తిన్నానని రాయబుద్ధయ్యేది కాదు.

… నవ్వండి, పర్లేదు. నాకే నవ్వొస్తోంది.

అసలు సంగతి. సెలవుల్లో హాస్టలంతా ఖాళీ అయిపోయింది కదా… నేనా? లేదు, వెళ్ళలేదు… ఇంటికే. వెళ్ళలేదంతే.

… ఒక్కదాన్నే. పైగా జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది, గట్టిగా పిలిచినా పలికేవాళ్ళు లేరు. పక్క గదులన్నిటికీ తాళాలు. మందుల షాపుకి వెళ్తే అతను 'కవర్ కావాలా' అన్నాడు. ఆ సెలవులన్నిట్లో నాతో మాట్లాడిన మనిషి అతనొక్కడే. 'వద్దు' అంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆ రోజు గుమాస్తా ఫోన్లోంచి మీకొక మెసేజ్ పెట్టాను. పొడుగ్గా. అది గుమాస్తా రాసింది కాదన్నా. నేను రాసింది.

మీకు తెలుసుగా. చదివారుగా.

చదివి కూడా ఏమీ అడగలేదు మీరు. అందుకే కారిడార్లో మీరు ఎదురైనప్పుడల్లా ముఖం చాటేసేదాన్ని. సిగ్గేసేది. కానీ లోపల మాత్రం… థాంక్స్ అన్నా. 'సరేలే, జాగ్రత్త, పడుకో' అన్నారు చూడండి. అంతకంటే ఎవరైనా ఏమంటారు? ఆ ఒక్క ముక్క చూసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి జ్వరం జారిపోయింది.

… థాంక్స్ దేనికా? సరే, వదిలెయ్యండి.

ఇప్పుడు నా గొడవేంటంటే — రేపు పొద్దున్న జూనియర్లందరికీ ఆ కాపీ ఇచ్చేస్తారు. నా ఇంటి గొడవ క్లాసు క్లాసంతా కూర్చుని చదువుతుంది. కాపీ తియ్యకముందే ఆ మెసేజ్ అందులోంచి పోవాలి. ఎలాగో మీరే చెప్పండి.

… డిలీటా! అన్నా, ల్యాబ్ అసిస్టెంటు అనే మాటేనా అది? డిలీట్ చేస్తే ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది… అవును మరి, చెరిపింది బయటికి తీస్తేనే ఎక్కువ మార్కులు! వీడేదో దాచాడు రండర్రా చూడండి అని పిలిచి చేతికిచ్చినట్టుంటుంది.

… మొత్తం రీసెట్? … చేస్తే పోతుంది, నిజమే. టర్మంతా చేసిన పనీ దాంతోనే పోతుంది. రేపు పరీక్షే ఉండదు. సార్‌కి ఏం చెప్తారు? … చచ్చిపోయిందనా? ఫోను? … నాకోసం మీరు అబద్ధమాడక్కర్లేదన్నా. అంటే… ఆడతానంటే వద్దనను.

… ఏ మెసేజా? సెలవుల్లోదన్నా! పొడుగ్గా ఉన్నది. మీరు పడుకోమన్నది.

… అంటే?

… ప్రోగ్రామా? అదే పంపేదా?

… మొదటి రోజు నుంచీ?

… … లేదు లేదు, వింటున్నాను. చెప్పండి.

… ఊఁ… ఊఁ. నిజమే, మీ రిసెర్చ్ పని మీకుంటుంది, మూడు పూటలా కూర్చుని ఎవరు పంపిస్తారు? నేనైనా అదే చేసేదాన్ని… అయితే నా జవాబులు? … ఒక్కటీ తెరవలేదా… ఓహో. సరే.

అయితే ఆ 'పడుకో' కూడా… ఆ. అది రోజూ వెళ్ళేదే కదా. నేనేం రాసినా వెళ్ళేదే.

నవ్వొస్తోందన్నా. ఆగండి… 

రోజూ ఒకే టైముకి వచ్చేవి. సెకను కూడా అటూ ఇటూ అయ్యేది కాదు. మనిషెవరైనా అలా పంపుతారా? టైములు చూసి పంపింది మనిషా మెషీనా అని తేల్చడమే కదా నా చదువు! క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తేది నేనే. అలాంటిది కళ్ళముందు పెట్టుకుని… చూడలేదన్నా. చూడాలనిపించలేదేమో. పప్పులో కాలేశాను, అదీ పీకల్లోతు.

… సారీ ఎందుకు? మీ తప్పేముంది? మీకు అక్క వేషమిచ్చారు, నాకు తమ్ముడి వేషమిచ్చారు. నిజమనుకున్నది నేనే.

… ఏం రాశానా?

… చెప్తే మాత్రం ఏముంది ఇప్పుడు.

మా అక్కకి రాసినట్టు రాశాను… ఉంది, సొంత అక్కే. నేనీ కోర్సులో చేరితే అందరికంటే ఎక్కువ మురిసిపోయింది తనే. మా చెల్లి కంప్యూటర్ పోలీసు అవుతోందని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఓ రోజు బావ పాత ఫోను పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. 'ఇందులో చెరిపేసినవి బయటికి తియ్యవే, నాకు తెలియాలి' అంది. వద్దక్కా అన్నాను. ఇంట్లోవాళ్ళ ఫోనుల జోలికి పోవద్దని సార్ చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదా మనకి. వినలేదు. ఏడ్చింది, చేతులు పట్టుకుంది. తీశాను. ఉన్నది ఉన్నట్టు చూపించాను.

… ఆ. ఇంకో మనిషి.

… ఏమవుతుంది! కొన్నాళ్ళు అక్క పుట్టింట్లో కూర్చుంది. బావొచ్చాడు, బతిమాలుకున్నాడు, వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ ఒకటైపోయారు. మంచిదే, చిన్నపిల్లలున్నారు. మధ్యలో నేను చెడ్డదాన్నయ్యాను. నన్ను చూస్తే తనకి అదే గుర్తొస్తుందట. సెలవులకి పిల్లలతో అమ్మ దగ్గరికే వస్తుంది, కొన్నాళ్ళు ఎదురుపడొద్దని అమ్మ చేత చెప్పించింది. అమ్మ ఫోన్ చేస్తుంది, అక్క పక్కన లేనప్పుడు. బాగున్నావా అంటుంది, బాగున్నానంటాను, అయిపోతుంది.

అదే రాశాను. 'నువ్వడిగితేనే కదా చేశాను. బావని క్షమించావు, నన్నెందుకు క్షమించవు? ఒక్కసారి ఫోనెత్తవే' అని. జ్వరంలో అక్కా అక్కా అనుకుంటూ రాసుకుపోయాను. పైన 'అక్క' అనే ఉందిగా మరి.

… …

… ఏడవట్లేదు. జలుబు.

… ఇప్పుడా? వద్దన్నా… ఇప్పుడు చదివితే జాలిపడి చదివినట్టుంటుంది… కోపం కాదు. నిజంగా కోపం కాదు.

… కేబుల్ దొరికిందా? … మీ వైపున్న మెసేజూ తుడిచేసి, ఈ ఫోను రీసెట్ కొట్టేస్తారా? …

ఆగండి. నొక్కకండి. ఒక్క నిమిషం… ఆలోచించుకోనివ్వండి.

… …

నొక్కితే ఇంకెక్కడా ఉండదు కదా అది. అక్కకి చేరలేదు, మీరు తెరవలేదు. గోడకి చెప్పుకున్నట్టు కూడా కాదు. గోడైనా పక్కనుంటుంది.

వాళ్ళని చదవనివ్వండి.

… తెలివిలోనే ఉన్నాను. కాపీ తీసెయ్యండి, ఉన్నది ఉన్నట్టు. అందులో నా పేరు లేదు, అక్క పేరూ లేదు. నేనెవరో వాళ్ళకి తెలీదు. కానీ మార్కుల కోసమైనా ఒక్కో అక్షరం చదువుతారన్నా. ఎప్పుడు రాశారు, ఎక్కడ కూర్చుని రాశారు, రాశాక ఏం చేశారు అని వెతుకుతారు. నన్నెవరూ అంతగా పట్టించుకోలేదు.

… అవును, తికమకపడతారు. మూడు పూటలా పలకరించే అక్కని పట్టుకుని 'ఒక్కసారి ఫోనెత్తవే' అంటాడేంటి వీడు అని… పడనివ్వండి. ఎవరో ఒకరు టైములు చూస్తారు. నాలా కాకుండా, సరిగ్గా చూస్తారు. చూసి రాస్తారు — ఈ అక్క మనిషి కాదు, ఇది రాసింది గుమాస్తా కాదు, ఈ ఫోన్లో ఇంకెవరో ఉన్నారు అని.

అలా రాసినవాళ్ళకి పూర్తి మార్కులు వెయ్యమనండి సార్‌ని.

… దొంగతనం పట్టుకోకపోయినా సరే.

… కేబుల్ పెట్టారా? … మొదలైందా? … సరే… లేదన్నా, ఇంకేం లేదు. ఉంటాను.