మ్యూనిక్‌లో నాలుగు రోజులు

సలాలా నుంచి ఎడారిలోకి రోడ్డు వేస్తున్న జర్మన్ కంపెనీ క్యాంపు. 1975, ఒక గురువారం మధ్యాహ్నం. ఆఫీసు గదిలో బల్ల వెనక గుమాస్తా జనార్దనరావు, కాకినాడ మనిషి. మూడేళ్ల కిందట మూడు నెలలు మ్యూనిక్‌లో ఉండి వచ్చాడు, ఆ మూడు నెలల సంగతులు అడిగినా అడక్కపోయినా చెబుతాడు. ఎదురుగా మెట్‌పల్లి దగ్గరి పల్లెవాడు, క్యాంపు కూలీ, చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడ్డాడు.

“...చీటీ కొన్నంత మాత్రాన అయిపోలేదు. ట్రాములో ఓ పెట్టె ఉంటుంది. చీటీ దాని నోట్లో పెడితే ఠక్కున ముద్ర పడుతుంది. ముద్ర పడని చీటీ, చీటీ లేనట్టే లెక్క. మామూలు బట్టల్లో వచ్చి పట్టుకుంటారు. విన్నావా దేవయ్యా?”

“విన్న సార్. గా ట్రాము దవాఖాన కాడ ఆగుతదా?”

“ఆగుతుంది, ఆగుతుంది. రోడ్డు దాటేటప్పుడు ఎర్ర దీపం వెలిగితే ఆగిపో. బండి ఒక్కటి రాకపోయినా సరే, ఆగాల్సిందే. ఇక్కడ లారీల మధ్య దూరినట్టు దూరావో, ముసలమ్మలు కూడా వదలరు, తిడతారు.”

“దవాఖానల ఏ యాళ్లకు లోపటికి పోనిస్తరు?”

“అవన్నీ కంపెనీ మనిషి చూసుకుంటాడు. భూమి కింద రైలు వేశారు, అది ఎక్కించమని అడుగు. మెట్లు వాటంతటవే కిందికి పోతుంటాయి. భయపడకు, కుడి పక్కన నిలబడు. ఎడమ పక్క తొందరలో ఉన్నవాళ్లది.”

“నేను గూడ తొందరల్నే ఉంట గద సార్.”

“శనివారం రెండింటికల్లా కొట్లు మూసేస్తారు. మళ్లీ తెరిచేది సోమవారమే. రొట్టె, పాలు ముందే కొని పెట్టుకో. మాంసం జోలికి పోకు. ఏది పందో ఏది గొడ్డో మనకి తెలిసి చావదు. నేను మూడు నెలలూ బంగాళాదుంపల మీదే బతికాను.”

“నా తిండికేం గని సార్. డ్రైవరు బాబు మియా లారీల రెండు కొబ్బరి బోండాలు వచ్చినయి, సలాలా తోటలయి. తమ్మునికి కొబ్బరి నీళ్లంటే...”

“తమ్ముడేమిటి?”

“అన్నకు. మా అన్నకు సార్.”

“బోండాలొద్దు. బరువు.”

“ఒళ్లె వెట్టుకొని కూసుంట.”

“వద్దన్నానా. ఊరి నడిబొడ్డున పెద్ద గడియారం ఉంది. పదకొండు కొట్టగానే బొమ్మలు గుండ్రంగా తిరిగి ఆడతాయి. పెద్దవాళ్లు కూడా పని మానుకుని చూస్తారు. నువ్వూ చూడు. అక్కణ్ణించి నడిచి వెళ్తే తోట. ఇక్కడి అరటి తోటల్లా కాదు, ఈ చివర మొదలెడితే ఆ చివర చేరేసరికి సాయంత్రమవుతుంది. మధ్యలో చెరువు, బాతులు. బెంచీ మీద కూర్చో. ఎవరూ లెమ్మనరు.”

“నేను బాతులను సూడవోతున్ననా సార్?”

“నాలుగు రోజులుంటావు కదయ్యా. నాలుగు రోజులూ ఏం చేస్తావు?”

“మంచం కాడ కూసుంట. లేపి ఇంత తినిపిస్త. ఇంకేం జేస్త?”

“...మంచిది.”

“ఇటు జూసి చెప్పుండ్రి సార్. ఎట్లున్నడు?”

“నా చలికోటు ఇస్తాను. నల్లది. భుజాల దగ్గర కొంచెం వదులవుతుంది, ఫరవాలేదు.”

“కోటు సంగతి అడుగలే.”

“కాలినవాళ్ల కోసమే పెట్టిన ఆసుపత్రి అది. తారు డ్రమ్ము పేలిన రోజే విమానంలో పంపించారా లేదా? ఇంకే కంపెనీ పంపుతుంది?”

“ముప్పై మూడు దినాలాయె. ఒక్క జాబు రాలే.”

“మొహానికీ కట్లే, చేతులకీ కట్లే. జాబెలా రాస్తాడు? ఆ రోజు నీకు జ్వరమొచ్చి రూములో పడుకున్నావు కాబట్టి సరిపోయింది. లేకపోతే మీ మల్లేశం పక్కనే నువ్వూ ఉండేవాడివి. అదృష్టవంతుడివి.”

“గా మాటనకుండ్రి సార్. మీకు దండం వెడుత.”

“సరే. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు. పేరు రాయడం వచ్చు కదా.”

“వస్తది. ఏం కాయితం?”

“వీసాది.”

“వీసాది మొన్ననే వెట్టిన.”

“ఇది ఇంకోటి. అక్కడ దిగాక చూపించాలి.”

“ఏమున్నది ఇండ్ల?”

“జర్మన్‌లో ఉంది.”

“మీకు జర్మన్ వస్తదంటిరి గద.”

“...కూర్చో దేవయ్యా.”

“నిలవడే ఉంట.”

“కుర్చీలో కూర్చోవయ్యా. ఎవరూ ఏమీ అనరు.”

“చదువుండ్రి సార్.”

“విమానమెక్కే ముందు చెప్పమన్నారు. నా వల్ల కావడం లేదు. మీ అన్న పోయాడయ్యా.”

“ఎన్నడు?”

“పదకొండు రోజులైంది.”

“పదకొండు దినాలు. మీకెరుకే.”

“తెలుసు. వీసా చేతికొచ్చేదాకా క్యాంపులో పొక్కకూడదన్నాడు మేనేజరు. మీ వాళ్లంతా పనులాపేస్తారని. నా నోరు కట్టేశాడు.”

“గందుకేనా, గడియారమూ బాతులూ.”

“అందుకే. నోరు ఆపితే ఎక్కడ అడుగుతావోనని.”

“ఆకిరికి ఎవలన్న ఉన్నరా పక్కన?”

“నర్సు ఉంది. ఆవిడే ఉత్తరం రాసింది. చివరి రెండు రోజులూ ఒకటే మాట అంటున్నాడట. అర్థం కాక, విన్నది విన్నట్టు వాళ్ల అక్షరాల్లో రాసి పంపింది. చదివి చూస్తే నీ పేరు. దేవయ్య, దేవయ్య, దేవయ్య. నిన్నే కలవరించాడు.”

“నన్ను పిలువలే సార్.”

“నీ పేరేనయ్యా. నా కళ్లతో చదివాను.”

“ఆని పేరు ఆడు చెప్పిండు. మీరు తప్పు రాసుకున్నరని చెప్పవోయిండు. దేవయ్య ఆడే. మల్లేశాన్ని నేను.”

“ఏమంటున్నావు నువ్వు?”

“జ్వరం నాకు. అప్పటికే నాయి రెండు నాగాలు. మూడోది వడితె ఇంటికి తోలుతరని, నా పేరున్న పతాకా కార్డు, గదే క్యాంపు గుర్తు కార్డు, మెడలేసుకొని నా డ్యూటీకి ఆడు వోయిండు. కాలినంక మొహం తెల్వలే. మెడల కార్డు జూసి మల్లేశమని రాసిండ్రు. నా పాస్‌పోర్టు వెట్టి విమానమెక్కిచ్చిండ్రు.”

“నువ్వెందుకు నోరెత్తలేదు?”

“ఎత్తితే ఆన్ని విమానం దించుతరేమోనని. ముందు పానం దక్కనీ, వచ్చినంక ఇద్దరం కాళ్లు మొక్కి చెప్పుకుందామనుకున్న. నేను పంపకుంటె ఆడు బతికే ఉంటుండె సార్. నా సావు ఆడు సచ్చిండు.”

“అయ్యో, మల్లేశం.”

“ఏంది సార్?”

“మల్లేశం పోయాడని నీ భార్యకి తంతి పోయింది. నేనే టైపు చేశాను.”

“కమలవ్వకా?”

“ఆవిడకే. తొమ్మిది రోజులైంది.”

“తంతి అందిన దినం కెళ్లి లెక్కవెడితె రేపటికి పది. రేపు గాజులు పగులగొడుతరు సార్ ఆమెకు. పిల్లల ముంగట.”

“ఇప్పుడే ఇంకో తంతి పంపుదాం. నువ్వు బతికే ఉన్నావని. రాత్రికల్లా అందుతుంది.”

“ఎట్ల పంపుతరు?”

“సలాలాలో తంతాఫీసు ఈపాటికి మూసేసి ఉంటారు, రేపు శుక్రవారం సెలవు. ఉన్నదొక్కటే దారి, మేనేజరు గదిలో టెలెక్సు మిషను. ఆయన చూడకుండా ఒక్క ముక్క బయటికి పోదు. పోనీ, చూడనీ. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.”

“చెప్తె రేపు నేను విమానమెక్కుతనా?”

“ఎలా ఎక్కుతావు? నీ పాస్‌పోర్టు చచ్చినవాడిది. మీ తమ్ముడి పాస్‌పోర్టు నీది కాదు.”

“మరి ఆనికి అగ్గి ఎవలు వెడుతరు?”

“ఈ కాయితం దానికే. రక్తసంబంధం ఉన్నవాడు సంతకం పెట్టి, వెళ్లి ఎదురుగా నిలబడితే గానీ దహనం చెయ్యరు. సోమవారం దాకా ఉంచుతామన్నారు. ఆ తరవాత మునిసిపాలిటీ వాళ్లే తీసుకెళ్లి ఏదో మూల పూడ్చి, పేరు రాస్తారు.”

“ఎవని పేరు?”

“నీ పేరే.”

“...తంతి పంపకుండ్రి సార్.”

“పిచ్చివాడా. రేపు నీ భార్య నీ పేరున బొట్టు చెరిపేసుకుంటుంది. ఈ సంతకం పెట్టావంటే కాయితాల్లో మల్లేశం నిజంగా చచ్చినట్టే. రేపు ఊరికి ఏ పేరుతో పోతావు?”

“ఆమె ముంగటికి ఎన్నడన్న వోయి నిలవడుత. తిట్టనీ, కొట్టనీ. ఆడు ఇంక నాకు ఏడ ఎదురు వడుతడు?”

“ఆలోచించుకో. మేనేజరు మూడింటికి వస్తాడు. ఇంకా టైముంది.”

“కాయితం ఇటియ్యుండ్రి సార్. దేవయ్య అనే రాస్త.”