చీకటి తెర ముందు బావ

అట్లా మొహం తిప్పుకోకక్కా. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని తేల్చు, ఈ స్క్రూడ్రైవరు నీ చేతిలో పెట్టి ఇక జన్మలో ఏ పెట్టె మూతా ఎత్తను. తేల్చలేవు. తేల్చాలంటే ఇంట్లో ఉండాలి కదా. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఆ వృద్ధాశ్రమంలో బావకి గది చూడ్డానికి వెళ్ళావు. వచ్చీ రాగానే రేపు వాళ్ళ బండి వస్తుందంటున్నావు. బండికి చెప్పేముందు తమ్ముడికి ఒక మాట చెప్పకూడదూ?

చెప్పులు విప్పి కూర్చో ముందు. బావ పడుకున్నాడులే, ఇప్పట్లో లేవడు.

అల్మారా మీద ముసుగేసుకుని ఉండాల్సిన నీ పాత మేకింటాష్ కంప్యూటరు బల్ల మీదకి ఎట్లా వచ్చిందంటావా? నేనే దింపాను. ఒంటిచేత్తో. అట్లా చూడకు. సరే, రెండు చేతులతోనే, స్టూలు బావ పట్టుకున్నాడు.

ఆ పెట్టె చరిత్ర నీకు నేను చెప్పాలా? నువ్వు పుస్తకాలకి అట్టల బొమ్మలు వేసేదానివి, నీకు మేకింటాష్ తప్ప కుదరదు. బావ బస్సు డిపోలో టైముటేబుళ్ళు వేసేవాడు, ఆ ప్రోగ్రాము పీసీ మీద తప్ప నడవదు. ఈ గదిలో పట్టేది ఒకటే బల్ల. ఊళ్ళో ఇంజనీర్లందరూ చేతులెత్తేశారు. ఒకే ఒరలో రెండు కత్తులేంటయ్యా అన్నారు. అప్పుడు ఎవరొచ్చారు? నేనొచ్చాను. విమానాలు ఆకాశంలో గిరగిరా తిరుగుతూ ఎదురుచూస్తుంటే ఎయిర్‌పోర్టు కంప్యూటరుకి ప్రాణం పోసి వచ్చినవాణ్ణి, నాకిదొక లెక్కా?

ఎయిర్‌పోర్టు కాదు, ఎయిర్‌పోర్టు పక్కన టీ కొట్టులో రేడియో అంటావు. టీ కొట్టే అనుకో. విమానాలైతే తిరిగాయి.

నీ మేకింటాష్ లోపల ఒక కార్డు దించాను, పుస్తకం అట్టంత ఉంటుంది. చూడ్డానికి అంతే గానీ నిలువెత్తు పీసీ. కాకపోతే దానికి సొంతానికంటూ ఏమీ లేదు. తెర నీది, కీబోర్డు మీటలు నీవి, డిస్కులో జాగా నీది. ఇల్లరికపు అల్లుడిలా వచ్చి కూర్చుంది. రెండు మీటలు కలిపి నొక్కితే నీ బొమ్మలు పోయి బావ బస్సులొచ్చేవి. మళ్ళీ నొక్కితే బస్సులు పోయి నీ బొమ్మలు. ఇంత చక్కటి సంసారం ఏ పెట్టెలో ఉంది? బావ రిటైరయ్యాక ఇంటర్నెట్టు కోసం నెట్టు కార్డు కావాలని దాన్ని పీకించావు. తప్పనడం లేదు. లోపలున్నది ఒకటే స్లాటు, ఎవరో ఒకరు లేవాలి.

ఇప్పుడెందుకు కెలికావంటావా? నువ్వు వీధి మలుపు తిరిగావో లేదో, బావ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చేశాడు. "డ్యూటీకి టైమైంది, నేను వెళ్ళకపోతే బళ్ళు కదలవు" అంటాడు. కూర్చో బావా అంటే, "నువ్వు ఏ రూటు కండక్టరువయ్యా?" అని నన్నే అడిగాడు. తలుపు గడియ మీద చెయ్యి వేస్తాడు, నేను ఆ చెయ్యి తీసేస్తాను, మళ్ళీ వేస్తాడు. ఆ పెనుగులాట నీకు రోజూ ఉండేదే. నేను ఒక్క పూటకే అలిసిపోయాను. సరే, బస్సుల దగ్గరికి ఆయన పోకుండా బస్సుల్నే ఆయన దగ్గరికి తెద్దామనుకున్నాను.

మూత తీస్తే లోపల ఒక తరం దుమ్ము. నెట్టు కార్డు ఊడదీశాను. డ్రాయరు అడుగున నీ పాత చీర ముక్కలో చుట్టి ఉన్న కార్డు తీసి, దాని పళ్ళు రబ్బరుతో రుద్దాను. బంగారంలా తేలాయి. రెండు బొటనవేళ్ళతో ఒకే బరువు పెట్టి దించాలి దాన్ని. ఒక పక్క ఎక్కువైతే మదర్‌బోర్డు విరుగుతుంది, తక్కువైతే కూర్చోదు. ఊపిరి బిగబట్టి దించాను. నీలం మెరుపు ఒకటి లేచింది చూడూ, కిటికీ అద్దాలు గలగలలాడాయి, వీధిలో కుక్కలు పరుగు.

ఆ, కుక్కలు లేవులే. విను.

పవరు ఇచ్చాను. మేకింటాష్ లేచింది. రెండు మీటలు నొక్కాను. తెర నల్లబడింది. నల్లబడి, అట్లాగే ఉండిపోయింది. అప్పుడు తట్టింది. వెనక మేకింటాష్‌ని, కార్డుని, తెరని కలిపే పొట్టి తీగ ఒకటి ఉండాలి. దాని మూతి వేరు, మరో తీగ పట్టదు. ఇల్లంతా గాలించాను, లేదు. అది లేకపోతే లోపల పీసీ నడుస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం బయటికి రాదు. డిస్కు గిరగిరలాడటం వినిపిస్తోంది. ఎదురుగా చూస్తే చీకటి.

ఇక ఆపేద్దామని చెయ్యి చాచాను. బావ నా చెయ్యి పక్కకి నెట్టాడు.

కుర్చీ లాక్కున్నాడు. మొన్న చెంచా ఎటు పట్టుకోవాలో తెలియక ప్లేటు వైపు చూస్తూ కూర్చున్న మనిషి, కుర్చీ బల్లకి ఎంత దూరంలో ఉండాలో అంతే దూరంలోకి లాక్కున్నాడు. టైపు మొదలుపెట్టాడు. ఆ నల్లటి తెర వైపు చూస్తూ.

ఆ ప్రోగ్రాముకి నోరెక్కువని నీకు తెలుసు. ఒక్క అంకె తేడా కొడితే కీచుమనేది, నువ్వు చెవుల్లో దూది పెట్టుకునేదానివి. అక్కా, కీచుమనలేదు. పేరు కొట్టాడు, రూటు కొట్టాడు, బండి తర్వాత బండి కొట్టుకుంటూ పోయాడు, ఆ పెట్టె నోరెత్తలేదు. ఒక్కసారి మాత్రం కీచుమంది. ఆగాడు. నాలుక మడిచి పళ్ళ మధ్య పెట్టాడు. ఒక్క మీట వెనక్కి కొట్టి, సరిచేసి, మళ్ళీ సాగాడు. ఆయనకి తెర అక్కర్లేదక్కా. నాకు కావాలి, నీకు కావాలి.

చివర్లో డిస్కు కాసేపు గరగరలాడింది. సేవ్ చేశాడన్నమాట. అప్పుడు నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎక్కువసేపు వాడేశాను. ఆవిడ బొమ్మ సగంలో ఉంది. రాగానే కోప్పడుతుంది." అని, రెండు మీటలు కలిపి నొక్కి తెర నీకిచ్చేశాడు.

ఆవిడ అంటే ఎవరని నేను అడగలేదు. అడిగితే ఆ జ్ఞాపకం చెదిరిపోతుందేమోనని భయమేసింది. నేను భయపడటం ఎప్పుడన్నా చూశావా?

సేవ్ అయితే తెరిచి చూపించు అంటావు. ఎట్లా చూపించను? ఆయన బస్సులన్నీ కలిపి మేకింటాష్‌కి కనబడేది ఒకే ఫైలు, ఒక ముద్ద. ముద్ద ఉందని దానికి తెలుసు, లోపల ఏముందో చదవలేదు. చదవగలిగేది పీసీ, దానికి తెర లేదు. రేపటిలోగా ఆ తీగ నేనెక్కణ్ణించి పుట్టించను?

ఆయన్నే లేపి మళ్ళీ కూర్చోబెట్టమంటావు. అదీ చేశానక్కా. టీ ఇచ్చి కూర్చోబెట్టాను. మీటల వంక చూశాడు. "ఇన్ని బొత్తాలెందుకండీ దీనికి?" అన్నాడు. నన్ను అండీ అన్నాడు. ఆ తర్వాత వెళ్ళి పడుకున్నాడు.

రేపటి బండి ఆపమందామనే మొదలుపెట్టాను. ఇప్పుడు ఆపమనే నోరు రావడం లేదు. మొన్న నిన్నెవరో పరాయి మనిషనుకుని బావ గడియ పెట్టుకుంటే వానలో మెట్ల మీద కూర్చున్నావట. పక్కింటావిడ చెప్పింది. నువ్వు చెప్పలేదు. నేను కబుర్లు చెప్పి పొద్దుగూకితే నా ఇంటికి పోయేవాణ్ణి. మోసేది నువ్వు. పంపిస్తావో ఉంచుకుంటావో నీ ఇష్టం.

కానీ మొన్న ఫోనులో ఒక మాటన్నావు. "లోపల ఎవరూ లేరురా" అన్నావు. ఆ మాట మీద మాత్రం పంపించకు. ఓపిక లేదని పంపించు, నిద్ర లేదని పంపించు. లోపల ఎవరూ లేరని పంపించకు.

ఆ నవ్వెందుకో నాకు తెలుసు. పుట్టినప్పటినుంచీ నా కోతలు వింటున్నావు. సరే, కొయ్యి. మెరుపు తీసెయ్, అద్దాలు తీసెయ్. ఊళ్ళో ఇంజనీర్లు, ఎయిర్‌పోర్టు, అన్నీ తీసెయ్. ఇవాళ కార్డు కూడా మొదటిసారికి కూర్చోలేదు, బావే పెట్టె కదలకుండా పట్టుకున్నాడు. ఆయన టైపు చెయ్యడం ఒక్కటి ఉంచు. అందులో నా గొప్ప ఏమీ లేదు, కల్పించి నేనేం బావుకుంటాను?

సాక్షి కావాలా? ఉన్నాడు. మీ ఆయనే. లేచాక వెళ్ళి అడుగు. ముందు నువ్వెవరో చెప్పి, తర్వాత నేనెవరో చెప్పి, అప్పుడు అడుగు.