లౌంజ్ కార్‌లో పెళ్లిచూపులు

చికాగో నుంచి కాలిఫోర్నియా వెళ్లే రెండు రోజుల రైల్లో, మర్నాడు పొద్దున, స్లీపర్ ప్రయాణికులు వచ్చి కూర్చునే లౌంజ్ కార్. కిటికీ పక్కన ఎదురెదురుగా ఒక అబ్బాయి, ఒక అమ్మాయి.

"మీ పేరెంట్స్ ఇంటికి రమ్మన్నారు. మీరేమో రైల్లో కలుద్దామన్నారు. ఎందుకండీ?"

"ఇంట్లో అయితే నేను ట్రే పట్టుకుని రావాలి. పోయినసారి వచ్చినతను కాఫీలో చక్కెర తక్కువైందన్నాడు."

"మరి ఇక్కడ?"

"స్లీపర్ వాళ్లకి కాఫీ ఫ్రీ. ఎవరిది వాళ్లే పోసుకోవాలి."

"దానికోసం నాతో ఇంత ఖరీదైన స్లీపర్ బుక్ చేయించారా?"

"ఇంట్లో గంటసేపు కూర్చుంటే మనిషి గురించి ఏం తెలుస్తుందండీ? నచ్చకపోతే మధ్యలో డెన్వర్‌లో దిగిపోతాను."

"డెన్వర్ వచ్చేస్తోంది."

"తెలుసు."

అతను లేచాడు.

"మీ కాఫీలో చక్కెర ఎంత వేయమంటారు?"

"రెండు స్పూన్లు. దిగడం లేదు లెండి. వచ్చి కూర్చుని, మీ ఇంట్లో వంటెవరు చేస్తారో చెప్పండి."