మస్కట్ ఎళ్ళని సున్నుండలు

పల్లాలమ్మని ఉండేదర్రా, మా ఈదిలోనే, రేవు దగ్గరిల్లు. మనిషి మంచిదే. ఎవరేం అడిగినా కాదనలేదు, అదే దాని జబ్బు. ఆ పల్లాలమ్మకి మస్కట్లో ఎవరో అరబ్బుల ఇంట్లో వంటపనికి వీసా వచ్చిందంట. వచ్చిందని తెలిసిందో లేదో, ఇంక చూడు, ఊరంతా దానింటికే. మన లంక ఊళ్ళో ఆనవాయితీ ఉంది కదా, ఎవరు గల్ఫు ఎళ్తన్నా అక్కడున్న మనోళ్ళకి ఏదో ఒకటి పట్టుకెళ్ళమంటారు. ఒకళ్ళు తాండ్ర, ఒకళ్ళు ఎండురొయ్యల పొడి, ఒకళ్ళు జంతికలు. ఇదేమో "ఇవ్వండి పిన్నీ, ఇవ్వండి బావా, మీది పట్టుకెళ్ళకపోతే ఇంకెవరిది పట్టుకెళ్తాను" అని అందరివీ తీసుకుందంట.

ఇంతలో సూరప్పడొచ్చేడు. సూరప్పడంటే కొబ్బరి దింపు తీసే సూరప్పడే, ఇంకెవడు. ఆడి పెళ్ళాం ఈరవేణి ఆ మస్కట్లోనే పిల్లల్ని చూసే పనిలో ఉండి అప్పటికి నాలుగేళ్ళు. ఈడు చెట్టెక్కడం తప్ప పొయ్యి దగ్గరికెళ్ళి ఎరగడు. అలాంటోడు మినుములు ఏయించి, ఇసిరి, బెల్లం కొట్టి, నెయ్యి పోసి సున్నుండలు చుట్టేడంట. చుట్టేడంటే ఏం చుట్టేడులే, ఒకటి నిమ్మకాయంత, ఒకటి బత్తాయంత. పైగా అందులో శొంఠి దంచి కలిపేడు. "ఎవరైనా సున్నుండల్లో శొంఠి ఏత్తార్రా?" అంటే, "అది ఆ ఏసీ గదుల్లో దగ్గుతుందత్తా, ఫోన్లో ఇనపడుతుంది" అన్నాడు నాతో. పెళ్ళానికి ముందుగా చెప్పలేదంట, మూత తీసేక చూసుకుంటదని. స్టీలు డబ్బా పల్లాలమ్మ చేతిలో పెట్టి, "చెల్లే, ఇది మటుకు దాని చేతికే ఇయ్యి" అన్నాడు. "ఒట్టన్నయ్యా, నా చేత్తోనే ఇత్తాను" అందంట ఇది.

తర్వాత ఏమైందంటే, ఇమానంలో ముప్పై కేజీలే పట్టుకెళ్ళాలంట. ముందురోజు కొబ్బరి కొట్లో కాటా మీద పెట్టిని పెడితే నలభై మూడు! దాని కొత్తచీరలు ఎనిమిది ఉన్నాయి, అవి తియ్యొచ్చు కదా? తియ్యలేదు. పోనీ ఎవరిది ఆళ్ళకి తిరిగిచ్చెయ్యొచ్చు కదా? ఇచ్చేత్తే, ఇమానం ఎక్కకముందే దీనికి కళ్ళు నెత్తికెక్కాయంటారని భయం. అందుకని ఊరోళ్ళ పొట్లాలన్నీ తీసి, చప్పుడు కాకుండా అటక మీద పెట్టేసిందంట. సూరప్పడి డబ్బా చేత్తో పట్టుకుని కాసేపు అలా నిలబడిపోయిందంట, ఆ మాట తర్వాత నాకు అదే చెప్పింది. చివరికి అదీ అక్కడే పెట్టేసింది. దార్లో చీమలు పట్టేయనో ఏదో చెబుదాంలే అనుకుందంట.

తెల్లారింది, కారొచ్చింది. సాగనంపడానికి అందరం ఎళ్ళేం అనుకో. వచ్చినోళ్ళకి నోరు తీపి చెయ్యాలి కదా. దాని అత్త చిట్టెమ్మకి ఈ సంగతేం తెల్దు. అటక మీద చూత్తే డబ్బాలు, పొట్లాలు. అబ్బో, ఊరికి పెట్టడానికి మా కోడలు ఎన్ని చేసిందో అనుకుని, మొత్తం దింపేసి పళ్ళేల్లో పెట్టి పంచేసింది! పల్లాలమ్మేమో లోపల జడేసుకుంటంది. నా పక్కన మంగ ఉంది, దాని పళ్ళెంలోకి మస్కట్ పట్టుకెళ్ళమని అదిచ్చిన తాండ్రే వచ్చింది. తాండ్రని చూసింది, నన్ను చూసింది, తలొంచుకుంది. ఒక్కొక్కళ్ళకీ తెలుస్తంది, అయినా అందరూ తింటానే ఉన్నారు. సూరప్పడు సున్నుండ కొరికేడు. కొరికి ఆగిపోయేడు. ముద్ద బుగ్గలోనే ఉంది, మింగడు, ఉమ్మడు. చిట్టెమ్మ ఊరుకోవచ్చా? "ఎలా ఉన్నాయిరా సూరప్పడూ, మా కోడలు చేసింది" అంది. సరిగ్గా అప్పుడే పల్లాలమ్మ గుమ్మంలోకొచ్చింది. "బాగున్నాయి పిన్నీ, శొంఠి కూడా ఏసింది" అన్నాడాడు. కోపంగా కాదర్రా, మామూలుగానే అన్నాడు.

ఆ కోపమేదో పడుంటే బాగుణ్ణు. పల్లాలమ్మ గబగబా పెట్టె తెరిచి చీరలన్నీ అరుగు మీద పడేసింది. "నాదే తప్పన్నయ్యా, నా బుద్ధి గడ్డి తింది, ఇప్పుడే పెట్టుకుంటాను, ఇప్పుడే" అని ఏడుత్తా అత్త చేతిలో డబ్బా లాక్కుంది. చూత్తే ఏముంది, అడుగున ఒక్కటుంది. ఆ ఒక్కటే రుమాల్లో చుట్టబోతంటే సూరప్పడు అడ్డం వచ్చేడు. "ఒద్దమ్మా. ఒక్కటిత్తే మిగతాయి ఏయని అడుగుద్ది. ఏం చెబుతావు? ఊరోళ్ళు తినేసేరని చెబుతావా? నేనేం పంపలేదని చెప్పు. ఈడికెప్పుడూ చాతకాదులే అనుకుంటది" అని, ఆ ఒక్కటీ తీసి చిట్టెమ్మ చేతిలో పెట్టి, "నువ్వు తిన్లేదు కదా పిన్నీ, తిను" అన్నాడు. అని చెప్పులేసుకుని ఎళ్ళిపోయేడు.

పల్లాలమ్మ చీరలు సగం అరుగు మీదే ఒదిలేసి కారెక్కింది. అక్కడ ఈరవేణి ఉండేది దానికి రెండు సందులవతలేనంట. రెండేళ్ళున్నా ఆ గడప తొక్కలేదంట. సిగ్గు లేనిదని దాన్ని చాలామంది అన్నారు. నేను మటుకు అనలేదర్రా. ఎలా అంటాను? సూరప్పడికంటే ముందు కొరికింది నేను. కొరగ్గానే ఎవరివో తెలిసిపోయింది నాకు. అప్పుడే చిట్టెమ్మ చెయ్యట్టుకుని ఆపుంటే డబ్బాలో ఇంకా బోలెడుండేవి. పదిమందిలో ఏం బాగుంటుందిలే అని మొహమాటపడి, నమిలి మింగేసేను. బాగుంది కూడాను.